ఊ కొట్టండి... పిల్లలు చదువుతారు!

మీ అబ్బాయి ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తాడు. అదే తెలుగు వాచకం చేతికిచ్చి "ఈ పేజీ పైకి చదువు నాన్నా" అని అడిగి చూడండి. నీళ్ళు తాగొస్తానంటాడు. బాత్రూంకి వెళ్ళాలంటాడు. ఎలాగో కూర్చోబెట్టినా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండో లైనుకే ఆవులిస్తాడు. మీరేమో పక్కన కూర్చుని "అది ప కాదురా, వ", "ఒత్తు మింగేశావు", "మళ్ళీ మొదట్నుంచీ చదువు" అంటూ ఉంటారు. పది నిమిషాలయ్యేసరికి వాడి కళ్ళలో నీళ్ళు, మీ గొంతులో చిరాకు. పుస్తకం మూతపడుతుంది. చాలా ఇళ్ళల్లో రోజూ జరిగే తంతే ఇది. అవునా, కాదా?

నేను టీచరమ్మను కాను. ఇంటర్ వరకూ చదువుకుని, పెళ్ళయ్యాక గరిటె పట్టుకున్న మామూలు ఇల్లాలిని. కాకపోతే హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటులోని పిల్లలు ఆరేడుగురు నాలుగేళ్ళుగా సాయంత్రం పూట మేడ మీద నా దగ్గర తెలుగు చదువుతున్నారు. దీన్ని ట్యూషన్ అనకండి. ఫీజు లేదు, హోంవర్కు లేదు, పరీక్షలు అసలే లేవు. ఆడుకుంటాం, అంతే. ఆ ఆటల గురించే మీతో చెప్పాలని కలం పట్టాను.

పిల్లలు ఎందుకు భయపడతారు?

ముందు ఈ సంగతి తేల్చుకుందాం. క్లాసులో పైకి చదివించడం ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిందే. వరసగా ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలి. తన వంతు ఎప్పుడొస్తుందో పిల్ల ముందే లెక్కేసుకుంటుంది. తనకు ఏడో పేరా వస్తుందని తెలియగానే ఆ పేరా మీదే చూపు పెట్టి లోలోపల వల్లె వేసుకుంటూ కూర్చుంటుంది. మొదటి ఆరు పేరాలు చెవికి ఎక్కనే ఎక్కవు. వంతు వచ్చి, గుండె దడదడలాడుతుండగా చదివేసి కూర్చున్నాక "హమ్మయ్య" అనుకుంటుంది. ఆ తర్వాతవీ వినదు. నలభై నిమిషాల పీరియడులో ఆ పిల్ల చదివింది ఒక్క నిమిషం. మిగతాదంతా భయమూ, దిక్కులు చూడడమూను.

మా కింది అంతస్తులో బీహారు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ళమ్మాయి అప్పట్లో ఆరో తరగతి. తెలంగాణలో ఒకటి నుంచి పది దాకా ఏ సిలబస్ బడిలోనైనా తెలుగు నేర్పి తీరాలని 2018లో చట్టం వచ్చింది కదా, దశలవారీగా అమలైంది. అలా ఈ పిల్లకు తెలుగు తప్పలేదు. మాట్లాడడం బాగానే వచ్చు. కింద సెల్లార్‌లో మన పిల్లలతో ఆడుతూనే నేర్చేసుకుంది. చదవడం దగ్గరే చిక్కంతా. తెలుగు రీడింగ్ ఉన్న రోజు పొద్దున్నే ఆ పిల్లకి గొంతు నొప్పి వచ్చేది. వాళ్ళమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించమనేది, మిరియాల పాలిచ్చేది. మూడు వారాలు వరసగా బుధవారమే గొంతు నొప్పి వస్తే ఏ తల్లికైనా అనుమానం వస్తుంది మరి! అడగ్గా అడగ్గా బయటపడింది. "తెలుగు"ని "తేలుగు" అని చదివిందట. క్లాసంతా గొల్లుమందట. అప్పట్నుంచీ ఆ పిల్లని అదే పేరుతో పిలుస్తున్నారట.

ఆ పిల్ల తప్పేమైనా ఉందా చెప్పండి? హిందీలో ఎ, ఏ అని పొట్టీ పొడుగూ తేడా లేదు. ఒ, ఓ తేడా కూడా లేదు. వాళ్ళకున్నవి పొడుగువే. అందుకే "ఎలుక" కాస్తా "ఏలుక", "కొడుకు" కాస్తా "కోడుకు" అవుతాయి. మనం మామూలుగా పలికే "ళ" వాళ్ళ నోటికి కొత్త. ఖ, ఘ, ధ, భ లాంటివి మాత్రం ఆ పిల్ల మన పిల్లలకంటే స్పష్టంగా పలుకుతుంది! క్లాసులో నవ్విన వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

మన తెలుగు పిల్లల చిక్కు వేరే. వాళ్ళకు మాట తెలుసు, రాత తెలియదు. ముఖ్యంగా ఒత్తులు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి, గుర్తు పట్టొచ్చు. త, న, మ, య, ర, ల - ఈ ఆరింటి ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. పిల్లలు తడబడేది ఇక్కడే. నేనైతే ఆరు మాటలు ఒక అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల. ఆరు ఒత్తులూ ఇందులోనే వచ్చేశాయి, చూసుకోండి. ఎక్కడైనా ఆగిపోతే "అత్తలో ఉందే, అదే" అంటే చాలు. మా అత్తయ్యగారు మాత్రం "నా పక్కన గొర్రెను పెట్టావేమే?" అని ఇప్పటికీ దెప్పుతూ ఉంటారు!

ఊ కొట్టే ఆట

అన్నిటికన్నా తేలికైనదీ, అన్నిటికన్నా గుణమిచ్చిందీ ఇదే. రాత్రి పూట కథ చెప్తుంటే పిల్లలు ఊ కొడతారు కదా. దాన్నే తిరగేయండి. పిల్లాడు చదువుతాడు, మీరు ఊ కొట్టండి. నియమం ఒక్కటే. ఫుల్‌స్టాప్ దగ్గరే ఊ కొట్టాలి. వాడు ఆగకుండా రైలుబండిలా పోయాడనుకోండి, మీకు ఊ కొట్టే సందు దొరకదు. అప్పుడు చెయ్యెత్తి "నా ఊ ఏదీ?" అని అడగండి. వాడు వెనక్కెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదవాలి. అక్కర్లేని చోట, వాక్యం మధ్యలో ఆగిపోతే మీరు నోరు మెదపకూడదు. మీ నోటివైపు చూసి, వాక్యం ఇంకా అయిపోలేదని వాడే గ్రహిస్తాడు.

కామా దగ్గర చిన్న "ఊ", ఫుల్‌స్టాప్ దగ్గర పెద్ద "ఊఁ", ప్రశ్నార్థకం దగ్గర "ఊ?", ఆశ్చర్యార్థకం దగ్గర "ఓహో!" అని మా పిల్లలు తర్వాత్తర్వాత వాళ్ళంతట వాళ్ళే పెంచుకున్నారు. అంతకుముందు ఆ చుక్కలనూ గీతలనూ ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు.

ఈ ఆటలో ఊ కొట్టేవాళ్ళకు చూపు బాగుండాల్సిన పనిలేదు. మా అత్తయ్యగారికి కంట్లో శుక్లాలు వచ్చినప్పుడు పేపరు చదవడం మానేశారు. పొద్దున్నే రాశిఫలాలు తెలియకపోతే ఆవిడకి కాఫీ సయించదు. ఆ పని మా చిన్నవాడికి అప్పగించాం. రాశిఫలం చిన్నది, నాలుగైదు వాక్యాలుంటుంది, రోజూ మారుతుంది. పైగా వినే మనిషికి నిజంగా అవసరం. "ధన లాభం" అని చదవాల్సింది "దాన లాభం" అని చదివితే ఆవిడ వెంటనే "ఎవరికిరా దానం?" అని పట్టుకునేవారు. తన తప్పును ఎత్తి చూపినట్టు కాక, నాయనమ్మ కబుర్లాడినట్టు ఉండేది వాడికి. ఆపరేషనై చూపు వచ్చాక కూడా ఆవిడ కళ్ళజోడు కనబడలేదంటూ వాడి చేతే చదివించుకున్నారు. నిజంగా కనబడకే అన్నారో, మరెందుకన్నారో నేను అడగలేదు.

విదేశాల్లో మనవలున్న అమ్మమ్మలు, నాయనమ్మలు వీడియో ఫోనులో ఈ ఆట చక్కగా ఆడొచ్చు. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల పిల్లలు తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నారు. నేర్చుకున్న పాఠం వినిపించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. "బాగున్నావా, తిన్నావా" అయిపోయాక ఏం మాట్లాడాలో తోచని అమ్మమ్మలకు ఇదొక కాలక్షేపం కూడానూ.

గొంతుల చీటీలు

చిన్న చిన్న చీటీల మీద ఇలా రాయండి: కూరగాయల బండివాడు. రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటు. జలుబు చేసిన డాక్టరు. కోపంగా ఉన్న వాచ్‌మన్. పాపాయిని నిద్రపుచ్చే అమ్మ. టీవీలో వార్తలు. పెళ్ళిలో వంకలు పెట్టే పెద్దావిడ.

వాక్యం మాత్రం చప్పగా ఉండాలి. "రేపు ఉదయం మోటారు మరమ్మతు వల్ల నీళ్ళు రావు" అని మా అపార్ట్‌మెంటు నోటీసు బోర్డులో ఉన్నదే తెచ్చి ఆడాం. ఒక్కొక్కరూ ఒక చీటీ తీసి, అందులో ఉన్న గొంతుతో ఆ వాక్యం చదవాలి. అది ఏ గొంతో మిగతావాళ్ళు చెప్పాలి. ఏడుగురు పిల్లలూ ఆ ఒక్క వాక్యాన్నీ ఎన్నిసార్లు చదివారో చూడండి! "ఇదే వాక్యం పదిసార్లు చదువు" అంటే ఒక్కరైనా చదువుతారా? ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివితేనే కంటికి అలవాటవుతుంది. అక్షరం అక్షరం కాకుండా మాటను మొత్తంగా పట్టుకోవడం వస్తుంది.

సిగ్గరి పిల్లలకు ఇంకో లాభం. తప్పు చదివితే ఆ తప్పు తనది కాదు, జలుబు చేసిన డాక్టరుది! కింది వాటా అమ్మాయి మొదటిసారి మా అందరి ముందు గొంతెత్తింది ఈ ఆటలోనే. రైల్వే అనౌన్స్‌మెంటు చీటీ వచ్చింది. ముక్కు పట్టుకుని చదివింది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఈ నవ్వూ క్లాసులో నవ్వూ ఒకటి కాదని ఆ పిల్లకి ఎవరూ వివరించాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు టకటకా చదివేస్తోందని అబద్ధం చెప్పను. నెమ్మదిగానే చదువుతుంది. "ళ" ఇంకా పూర్తిగా లొంగలేదు. కాకపోతే బుధవారం గొంతు నొప్పులు తగ్గిపోయాయి, మిరియాల ఖర్చు కలిసొచ్చిందని వాళ్ళమ్మ అంటూ ఉంటుంది.

అమ్మ తప్పు చదివితే...

ఈ ఆట మొదలుపెడితే పిల్లలు మిమ్మల్ని వదలరు. పుస్తకం ఇద్దరి మధ్యా పెట్టుకుని మీరే పైకి చదవండి. మధ్యమధ్యలో కావాలని తప్పు చదవండి. "అవ్వ పొయ్యి మీద పెనం పెట్టింది" అని పుస్తకంలో ఉంటే "అవ్వ పొయ్యి మీద పిల్లిని పెట్టింది" అనండి. ముందు పట్టుకున్నవాళ్ళకు ఒక మార్కు. పట్టుకోవాలంటే మీ గొంతు వెంట వాళ్ళ కళ్ళు పరిగెత్తాలి, అదే మనకు కావలసింది. మొదట్లో పెద్ద తప్పులు చేయండి. తర్వాత "కల"ని "కళ" అనీ, "పాలు"ని "పలు" అనీ సన్నటి తప్పులకు దిగండి. అన్నాళ్ళూ తన తప్పులే పట్టిన అమ్మ దొరికిపోతే ఆ ముఖం ఎంత వెలిగిపోతుందో మీరే చూద్దురుగాని.

హౌసీ మనకు కొత్త కాదు కదా, కిట్టీ పార్టీల్లో ఆడేదే. అంకెల బదులు మాటలు రాయండి. పట్టు, పిట్ట, పుట్ట, పెట్టె, పేట, పొట్ట, పొట్టు, బట్ట, బుట్ట, బొట్టు, బెట్టు. కొంచెం కొంచెం తేడాతో ఉన్నవే ఏరుకోవాలి. చీటీ తీసి పైకి చదివే పని పిల్లలకే ఇవ్వండి. "పుట్ట"ని "పిట్ట" అని చదివితే ఆట మొత్తం తారుమారవుతుంది కాబట్టి చదివేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతారు. ఎ-ఏ, ఒ-ఓ తేడా తెలియని పిల్లలకు ఇంతకన్నా మంచి సాధన లేదు.

పిల్లలు నలుగురైదుగురు ఉంటే బుర్రకథ ఆడించండి. ఒకరు కథకుడు, ఇద్దరు వంతలు. కథకుడు రెండు మూడు వాక్యాలు చదవగానే ఒక వంత "ఎందుకలా చేశాడూ?" అనో "ఆ రాజు పేరేమిటన్నావూ?" అనో అడగాలి. రెండో వంత పుస్తకంలో వెతికి ఆ వాక్యం చదివి జవాబు చెప్పాలి. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఉంటాడు కదా, అల్లరి పిల్లాడికి ఆ వేషం ఇవ్వండి. పాత చందమామలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దించండి. 1947లో మొదలైన ఆ పత్రిక అచ్చు ఆగిపోయి చాలా ఏళ్ళయింది, కథలకు మాత్రం పాతదనం రాలేదు. చిన్న వాక్యాలు, బోలెడు సంభాషణలు ఉంటాయి కాబట్టి పైకి చదవడానికి బాగుంటాయి.

చదివిందే వండుతా!

మన పత్రికలో వంటల పేజీ ఉందిగా, అదే ఈ ఆటకు పాఠం. పిల్లాడు గట్టు పక్కన స్టూలు వేసుకుని చదవాలి. మీరు వాడు చదివింది చదివినట్టే చేయాలి. ఒక్క మాట కూడా సొంతంగా ఊహించుకోకూడదు. మా ఇంట్లో మొదట ఆడింది అటుకుల పోపుతో. పిల్లల కోసం ఇలా పెద్దక్షరాలతో రాసుకున్నాం:

"రెండు కప్పుల అటుకులు తీసుకోవాలి. జల్లెడలో వేసి నీళ్ళు చల్లాలి. మెత్తబడేదాకా పక్కన పెట్టాలి. మూకుట్లో రెండు చెంచాల నూనె పోయాలి. ఆవాలు చిటపటలాడాక పల్లీలు వేయాలి. పల్లీలు దోరగా వేగాక పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు వేయాలి. చిటికెడు పసుపు, తగినంత ఉప్పు వేయాలి. అటుకులు వేసి రెండు నిమిషాలు కలపాలి. దించాక నిమ్మరసం పిండాలి."

మా చిన్నవాడు "పల్లీలు వేయాలి" అన్నది "పిల్లలు వేయాలి" అని చదివాడు. నేను స్టవ్ ఆపి, వాణ్ణి చంకలో ఎత్తుకుని "ముందు ఎవర్ని వేయమంటావు, నిన్నా, అక్కనా?" అన్నాను. వాడు కిలకిలా నవ్వుతూ పుస్తకం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని "పల్లీలు! పల్లీలు!" అని అరిచాడు. తర్వాత ఆ మాట ఎప్పుడూ తప్పు చదవలేదు. "తగినంత ఉప్పు" దగ్గర ఆగి "తగినంత అంటే ఎంత?" అని అడిగాడు. అది మా వారు కూడా పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతున్న ప్రశ్నే!

స్టవ్ దగ్గర చదివేవాళ్ళని రెండడుగుల దూరంలో కూర్చోబెట్టండి. నూనె చిట్లుతుంది. దూరంగా కూర్చుంటే గొంతూ పెంచుతారు.

ఇవి మాత్రం గుర్తుంచుకోండి

పిల్లలు ఒక మాట దగ్గర ఆగగానే అందించేయకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. చాలాసార్లు మూడు దగ్గరే వాళ్ళకి తట్టేస్తుంది. తట్టకపోతే వాక్యం మొదటికి వెళ్ళమనండి, అప్పటికీ రాకపోతే మీరే చెప్పేసి ముందుకు సాగిపోండి. అర్థం చెడని చిన్న తప్పయితే వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. అక్షరం అక్షరానికీ ఆపితే కథ ఎక్కడుందో వాళ్ళకీ తెలియదు, మీకూ తెలియదు.

కొత్త పేజీ ఎప్పుడూ ఒంటరిగా చదివించకండి. ముందు మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి చదవండి, నెమ్మదిగా మీ గొంతు తగ్గించుకుంటూ పోండి. ఒకచోట మీరు ఆపేసినా వాడు తెలియకుండానే చదువుకుంటూ పోతాడు. సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు వదిలేస్తామే, అలాగన్నమాట.

మీ పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవాలంటే ప్రథమ్ సంస్థవాళ్ళ పద్ధతి తేలిక. 2005 నుంచి 'అసర్' పేరుతో పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తున్నారు. విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ - ఈ నాలుగూ చదివించి చూస్తారు. మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. అయిదో తరగతి పిల్లకు మాటల దగ్గరే తడబాటు ఉంటే అయిదో తరగతి వాచకం పక్కన పెట్టేసి, మాటల హౌసీతోనే మొదలుపెట్టండి. సిగ్గేమీ లేదు.

రోజుకు పావుగంట చాలు. "ఇంకొక్క ఆట ఆంటీ" అంటున్నప్పుడే ఆపేయండి, రేపు వాళ్ళే వస్తారు. స్టాప్‌వాచ్ పెట్టి నిమిషానికి ఎన్ని మాటలని లెక్కపెట్టే పని నాకు నచ్చదు. మన మాటలు ఒక్కోటి గజం పొడుగుంటాయి, వాటితో పరుగు పందెం ఏమిటి? గెలిచినవాళ్ళకు చాక్లెట్లు కూడా వద్దు. రేపటి ఆటకు ఏ కథో, ఏ వంటో ఎంచుకునే హక్కు ఇవ్వండి. మా దగ్గర దానికే పోటీ ఎక్కువ.

చీటీలు దాచుకోవడానికి ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి చాలు. పాత పెళ్ళి శుభలేఖల అట్టలైతే మందంగా ఉండి చాలాకాలం మన్నుతాయి. మూత మాత్రం గట్టిగా బిగించండి. మా మేడ మీదకి వచ్చే ఓ మూడేళ్ళ బుడతడు ఇప్పటికే "కూరగాయల బండివాడి"ని సగం నమిలేశాడు.